ఒసాకా ట్రయల్ రూమ్‌లో ఐదు గుండీలు

హోటల్ బాత్‌రూమ్‌లో టబ్బు నిండుతోంది. అది నిండేలోపు ఇది రాసేయాలి. రేపటికి కోపం చల్లారితే రాయబుద్ధి కాదు.

ఆఫీసు పని మీద ఒసాకా వచ్చి మూడు వారాలైంది. ఇవాళ శనివారం. మిడోసుజి మెట్రో లైన్లో షిన్‌సాయిబాషి దగ్గర దిగి, పడమటి వైపు సందుల్లోకి తిరిగితే అమెరికామురా. ఇక్కడి జనం నోట్లో అది 'అమెమురా'. 1970ల్లో అమెరికా నుంచి పాత బట్టలు తెప్పించి గోడౌన్లలో అమ్మడంతో ఈ పేట పెరిగిందట. ఇప్పటికీ ఏ సందు చూసినా పాత బట్టల కొట్టే. ఎవరో సైనికుడు వేసి వదిలేసిన జాకెట్టుకు మన దగ్గర పట్టుచీరకున్నంత మర్యాద, దాదాపు అంత ధర. మధ్యలో ముక్కోణపు పార్కు. అక్కడ కూర్చుని టకోయాకి (ఆక్టోపస్ ముక్క పెట్టిన పొంగణాలు) తినే కుర్రాళ్లను చూడటానికైనా వెళ్లాలి. ప్యాంట్లు ఇద్దరు దూరేంత వెడల్పు. ఒకడు చొక్కా మీద టై కట్టి కింద రబ్బరు చెప్పులేశాడు. ఎవడూ వాడికేసి తిరిగి చూడడు. అడగకుండా ఫోటోలు మాత్రం తీయకండి.

ఇంకాస్త పడమరకు హొరియే. అక్కడి తచిబానా దోరి ఒకప్పుడు ఫర్నిచర్ కొట్ల వీధి, ఇప్పుడు ఆరెంజ్ స్ట్రీట్. నాకు కావలసింది జీన్స్. ఒసాకాలో ఇదో పెద్ద పిచ్చి. 1979లో స్టూడియో డార్టిజాన్, 1991లో ఎవిసు, 1992లో ఫుల్‌కౌంట్, 1995లో వేర్‌హౌస్, అన్నీ ఈ ఊళ్లో పుట్టిన జీన్స్ కంపెనీలే. నేను దూరిన కొట్టు వేరు, దాని పేరు చెప్పను.

కొట్లో అరవై దాటిన పెద్దాయన ఉన్నాడు. నన్నొకసారి కిందికీ పైకీ చూసి, కాలిక్యులేటర్ మీద 36 అని కొట్టి చూపించాడు. నేను 34 అని కొట్టాను. ఇంజనీరింగ్ రోజుల నుంచి నాది 34. మన దగ్గర 34 అని రాసి అమ్మేది సాగే బట్ట అన్న సంగతి అప్పుడు బుర్రకెక్కలేదు. ఆయన తల పక్కకు వంచి పళ్ల సందున గాలి 'స్‌స్' అని లాగాడు. ఇక్కడ ఆ చప్పుడికి 'వద్దు నాయనా' అని అర్థమట. సాయంత్రం ఆఫీసు సీనియర్‌కి ఫోన్ చేస్తే నవ్వుతూ చెప్పాడు.

బూట్లు బయట విప్పి లోపలికి వెళ్లాను. తలుపు లేదు, తెర. ప్యాంటుకు జిప్పు లేదు, ఐదు ఇనప గుండీలు. ఉతకని బట్ట, గంజిపెట్టిన అట్టలా ఉంది. ఊపిరి బిగబట్టి నాలుగు పెట్టాను. పొట్ట లోపలికి లాగి ఐదోదీ పెట్టాను. అద్దంలో చూసుకుంటే, నిజం చెప్పాలంటే, బాగున్నాను.

విప్పబోతే రాలేదు.

"ఇకగా దెస్ కా?" అని తెర అవతల నుంచి గొంతు. ఎలా ఉందండీ అని. "ఓకే, ఓకే" అన్నాను. రెండు నిమిషాలకు మళ్లీ అదే గొంతు, అంతే మెత్తగా. వేళ్లకు నీలం రంగు అంటింది. బొటనవేలి గోరు విరిగింది. ఏసీలో చెమటలు. మూడోసారి అడిగేసరికి తెర తీసి, "బటన్... నో ఓపెన్" అన్నాను. అప్పటికి కొట్లో ఇంకో నలుగురున్నారు.

ఆయన "షిట్సురేయి షిమాస్", అంటే 'క్షమించండి', అంటూ వంగి, నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మా నాన్న వయసు మనిషి. నడుంపట్టీ రెండు వైపులా పట్టుకుని దగ్గరకు లాగి, గుండీని పక్కకు వంచి తోశాడు. వచ్చేసింది. నవ్వలేదు. ఆ నలుగురూ నవ్వలేదు, హ్యాంగర్లకేసే చూస్తున్నారు. అదే నన్ను చంపేసింది. విజయవాడ బీసెంట్ రోడ్డులో అయితే కొట్టు కుర్రాడు "అన్నా, బిర్యానీ తగ్గించాలి" అనేవాడు, అందరం నవ్వేవాళ్లం, అక్కడితో అయిపోయేది. ఇక్కడ ఏమీ జరగనట్టు 36 తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు.

అది సరిపోయింది. పొడవు ఎక్కువైతే కత్తిరించమన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఉతకని డెనిమ్ నీళ్లు తగిలితే ముడుచుకుంటుంది, ముందు నానబెట్టి ఆరేసి తీసుకురమ్మని సైగలతో చెప్పాడు. మూలనున్న పాత కుట్టుమిషన్ చూపించి, దానిమీదే కుడతామన్నాడు. యూనియన్ స్పెషల్, అమెరికా మిషన్. గొలుసు కుట్టు వేస్తుంది, కొన్నాళ్లకు అంచు తాడులా మెలి తిరుగుతుంది. ఆ మెలిక కోసమే జనం వస్తారట.

అప్పటికి మడత పెట్టి చూపించాడు. మడతలో ఎర్ర గీత. మగ్గంలో అడ్డపోగు మోసే నాడె అంచుదాకా వెళ్లి వెనక్కి తిరిగితే వచ్చే అంచు అది, పోగు ఊడదు. మాది మంగళగిరి. గుంట మగ్గం పక్కనే ఆడుకుంటూ పెరిగాను, ఆ అంచు నాకు కొత్తా? ఇక్కడ దాన్ని కావాలని మడిచి చూపించుకు తిరుగుతారు. మనవాళ్లు నేసిన బట్ట దగ్గరికొస్తే "ఎంతకిస్తావ్, తగ్గించు" అంటాం. నేనూ అన్నవాణ్నే.

ధర 25,000 యెన్‌లు, పన్నుతో 27,500. మన డబ్బులో పదిహేను వేల పైమాటే. టూరిస్టులకు 10 శాతం పన్ను మినహాయింపు ఉంది కదా అని ఫోన్లో పాస్‌పోర్ట్ ఫోటో చూపించాను. చెల్లదట, అసలుదే కావాలి. ఫోటో చాలని చెప్పింది ఆ సీనియరే. 2,500 యెన్‌లు పోయాయి. ఆయన చెప్పిన రామెన్ నూడుల్స్ కొట్టూ బాగాలేదు. పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకోండి, కొలతలు టేపుతో తీసుకోండి, భోజనం చేసి ట్రయల్ రూమ్‌కి వెళ్లకండి.

వచ్చేటప్పుడు పార్కు దగ్గర ఒక కుర్రాడు నా జీన్స్ మడత చూసి బొటనవేలు పైకెత్తాడు. కొత్తది అక్కడే వేసుకుని వచ్చేశాను మరి. ఎవరికి చెప్పాలో తెలియక మా ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. "ఎంత?" అంది. పన్ను సంగతి దాచాను.

టబ్బు నిండింది. పై గుండీ వచ్చింది. ఇంకా నాలుగున్నాయి.