అంచుల పాఠం

మా చిత్రకళ మాస్టారు ముందుగా మనిషిని గీయనిచ్చేవారు కాదు. మనిషి చుట్టూ ఉన్న ఖాళీని గీయమనేవారు. కుర్చీ కాళ్ల నడుమ, మోచేతికీ నడుముకీ మధ్య మిగిలిన చోటుకూ ఒక ఆకారం ఉంటుంది. అది కుదిరితే మనిషి తనంతట తానే కుదురుతాడని ఆయన నమ్మకం. నేపథ్యమంటే చివర్లో రంగు నింపే జాగా కాదని ఆ గదిలోనే మా అందరికీ వంటబట్టింది.

తర్వాతి పాఠం అంచులది. చేయి చాచి బొటనవేలి గోరును చూడమనేవారు. కన్ను ఒక్కసారికి స్పష్టంగా చూడగలిగేది దాదాపు ఆ మేరనే, మిగతాదంతా మసక. చిత్రంలో ప్రతి అంచూ పదునుగా ఉంటే చూపు ఎక్కడా నిలవదు. రంగు తడి ఆరకముందే పొడి కుంచెను అంచు మీదుగా తేలిగ్గా లాగితే అంచు మసకబారి, ఆ భాగం వెనక్కి జరిగినట్టు కనిపిస్తుంది. చేయి కాస్త బరువైందంటే రెండు రంగులూ కలిసిపోయి మురికిగా తేలతాయి. ఆ చేతి ఒడుపు మాటలతో రాదు, పక్కన నిలబడి చూడాల్సిందే.

జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ 1988లో వేసిన ‘బెట్టీ’ అనే చిత్రాన్ని ఈ పాఠం వల్లే నిదానంగా చూడగలిగాను. కోటు మీది ఎర్రపూలు, ముడివేసిన జుట్టు మనకు దగ్గరగా ఉంటాయి. ముఖం మాత్రం కనిపించదు. చిత్రకారుడి కూతురు తల వెనక్కి తిప్పి బూడిదరంగు నేపథ్యాన్ని చూస్తోంది. ఆ బూడిదరంగు కూడా రిక్టర్ వేసిన మరో చిత్రమే! అమెరికన్ చిత్రకారుడు కెహిండే వైలీ వేసిన ఒబామా చిత్రంలో (2018) వెనకున్న ఆకులు వెనకే ఉండిపోవు, పాదాల మీదికి పాకి వస్తాయి. ముందేదో వెనకేదో తేల్చుకోలేని ఆ కాస్త చోటే నాకు అన్నిటికన్నా ఇష్టం.

ఈమధ్య ఫోనులో తీసిన ఫొటోను, దానిలోని మసకతో సహా, కాన్వాస్ మీదికి ఎక్కించేస్తున్నారు. అది నాకు నచ్చదు. ఏది వదలాలో అక్కడ యంత్రమే నిర్ణయించేసింది. అమెరికన్ చిత్రకారుడు చక్ క్లోజ్ కూడా ఫొటోనే ఆధారంగా తీసుకున్నాడు. 1967-68లో దాదాపు 9 అడుగుల ఎత్తున తన ముఖాన్ని వేసుకున్నప్పుడు కళ్లను పదునుగా, చెవులను మసకగా ఉంచాడు. కానీ ఫొటో మీద గళ్లు గీసుకుని, ఒక్కో గడినీ చూసి వేస్తూ, పదునైన చోట పడ్డ శ్రమే మసక చోటా పడ్డాడు.

ఆ మాస్టారి దగ్గర నేర్చుకున్న మన బ్యాచ్‌లో ఇంకా కుంచె పడుతున్నవాళ్లు ఈసారి కలిసినప్పుడు పూర్తయిన చిత్రాలు కాదు, నేపథ్యం దగ్గర ఆగిపోయినవి పట్టుకురండి. వాటి ముందు కూర్చుని మాట్లాడుకుందాం.