రామప్పకు పోయి ఊపిరి లెక్కపెట్టిన రోజు

కరీంనగర్ నుంచి హన్మకొండ దాకా నిలబడే వచ్చాను. ఆదివారం పొద్దున ఏడింటి బస్సు, అయినా కాలు మోపే జాగా లేదు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి ఈ రూటులో డబ్బులిచ్చి నిలబడేది మగవాళ్లమే. గట్టిగా అనే హక్కు నాకు లేదు లెండి. మా ఆవిడ ఇప్పుడు నెలకు రెండుసార్లు జమ్మికుంటలో వాళ్లమ్మను చూసి వస్తోంది, ఇంట్లో ఆ మేరకు గొడవలు తగ్గాయి.

ఇంతకీ నేను పోయింది గుడి చూడటానికి కాదు, కూర్చోవటానికి. పోయిన నెల బీపీ 146/94 వచ్చింది. డాక్టర్ మాత్ర రాసి, మాత్ర మానకుండానే రోజూ పది నిమిషాలు ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చోమన్నాడు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. ఊరికే ఉన్నప్పుడు మనం పన్నెండు నుంచి ఇరవై దాకా తీసుకుంటామట. వినటానికి సులువే. మా ఇంట్లో పొద్దున మిక్సీ, సాయంత్రం సీరియల్, మధ్యలో ఆఫీసు ఫోన్లు. 1,499 రూపాయలు కట్టి ఐదు రోజుల ఆన్‌లైన్ క్లాసులో కూడా చేరాను. అందులో సగం సమయం తరువాతి కోర్సు గురించి చెప్పటానికే సరిపోయింది. చివరికి, ఎనిమిది వందల ఏళ్లుగా కదలని గుడి దగ్గర నేను పది నిమిషాలు కదలకుండా ఉండలేనా అని బయల్దేరాను.

హుజూరాబాద్ దాటాక కూడా రోడ్డు వెడల్పు పనులే. కిటికీలోంచి ఎర్ర దుమ్ము. ఊపిరి సాధనకు పోతూ కర్చీఫ్ ముక్కుకు కట్టుకున్నాను. అయినా ఊరుకోలేక, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, రెండో చేతి వేళ్లు మెడ పక్కన నాడి మీద పెట్టి చూశాను. మెల్లగా పీల్చినప్పుడు నాడి కాస్త తొందరపడుతోంది, వదిలినప్పుడు నింపాదిగా కొట్టుకుంటోంది. క్లాసులో చెప్పినప్పుడు నమ్మలేదు గానీ, నా వేళ్ల కిందే తెలుస్తోంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం గుండెకు బ్రేకు లాంటిది. పీల్చేటప్పుడు ఆ బ్రేకు సడలుతుంది, వదిలేటప్పుడు మళ్లీ పడుతుంది. పీల్చేదానికన్నా వదిలేది పొడుగ్గా ఉండాలనటం అందుకే. పక్కనున్న కుర్రాడు చాలాసేపు చూసి, "గొంతు నొస్తుందా అన్నా?" అని విక్స్ బిళ్ల ఇచ్చాడు.

ఆ బిళ్ల చప్పరిస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో నిప్పు రాజేసేది. బుగ్గలు పొంగించి ఒకే పొడుగాటి ఊపిరి, కట్టె అంటుకునేదాకా. లెక్కపెడితే ఆరు కాదు, పది అంకెలైనా ఉండేది. అదే సాధన అని ఇప్పుడు గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, ఆ పొగకే కదా చివరి రోజుల్లో రాత్రంతా దగ్గింది.

హన్మకొండలో ఇడ్లీ యాభై. చెట్నీ రెండోసారి అడిగితే మనిషిని ఎగాదిగా చూశారు. పాలంపేట బస్సు కళ్లముందే పోయింది. ఏటూరునాగారం బస్సెక్కి, ములుగు దాటి జంగాలపల్లి క్రాసు దగ్గర దిగి, ఆటో వాడితో బేరం చేసి ఓడిపోయి, గుడికి చేరేసరికి పదకొండున్నర.

రామప్ప గురించి కొత్తగా చెప్పేదేముంది. గణపతిదేవుడి కాలంలో సేనాపతి రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో జాబితాలో చేరింది, పునాదిలో ఇసుక నింపారు, గోపురం ఇటుకలు నీళ్లలో తేలతాయి. ఇవన్నీ గైడ్ల నోట మూడు భాషల్లో ఒకేసారి వినపడుతుంటే నేను నంది పక్కన ఒక మూల కూర్చుని కళ్లు మూసుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "అంకుల్, జర పక్కకు జరుగుతరా, ఫ్రేములకు వస్తున్నరు." జరిగాను. మళ్లీ ఒకటి, రెండు. ఎవరి ఫోన్‌లోనో తీన్మార్. మూడోసారి మొదలుపెట్టి, ఆటో వాడికి ఎంత ఎక్కువిచ్చానో లెక్కవేస్తూ తొమ్మిది దాకా పోయాను. నంది మాత్రం పిలుపు వస్తే లేచేటట్టు, చెవి రిక్కించి, అలాగే ఉంది. దాన్ని చూస్తే నాకు ఇంకా చిరాకేసింది.

మధ్యాహ్నం మూడింటికి ఊరి బయట చింతచెట్టు కింద తిరుగు ఆటో కోసం నిలబడ్డాను. నీడ ఉంది, మనుషులు లేరు. ఇక్కడన్నా చూద్దామని గట్టు మీద కూర్చుని కళ్లు మూశాను.

"ఏం సారూ, పానం బాగలేదా?"

కళ్లు తెరిస్తే అరవై దాటిన పెద్దాయన. పక్కన టీవీఎస్ ఎక్సెల్, దానికి కల్లు గీసేవాళ్లు చెట్టెక్కే మోకు, ముత్తాదు, రెండు కల్లు లొట్లు కట్టి ఉన్నాయి.

"బాగనే ఉంది తాతా. ఊపిరి లెక్కపెట్టుకుంటున్న."

"ఊపిరిని లెక్కవెడ్తరా? అదేమన్న బ్యాంకుల ఏసిన పైసలా?"

నవ్వి, బీపీ సంగతీ, ఆన్‌లైన్ క్లాసు సంగతీ చెప్పాను. ఆయనకూ బీపీ ఉందట, మాత్ర వేసుకుంటాడట. వేసుకుని ఇప్పటికీ రోజుకు ఎనిమిది తాటిచెట్లు ఎక్కుతాడు. నాకు భయమేసింది. గీత కార్మికులు చెట్టు మీంచి పడకుండా 2024లో సర్కారు మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్టు వచ్చిందా అని అడిగితే, వచ్చింది, నడుముకు ఇంకా అలవాటు కాలేదు అన్నాడు.

"పైకి పోయినంక ఆయాసం రాదా?"

"రాకుంటెట్ల? మోకు బిగబట్టి, ఎన్కకు ఒరిగి, జర సేపు ఏం చెయ్య. కత్తి తియ్యనే తియ్య. గుండె దడ మీద కత్తి పెడితే చెయ్యి వణుకుతది, గెల లోతుగ తెగుతది. తెగిన గెలకు కల్లు రాదు. లేకుంటే వేలు తెగుతది."

ఎడమచేతి చూపుడువేలు చూపించాడు. గోరు దగ్గర సగం లేదు. ఇరవై ఏళ్లప్పుడు తొందరపడిన రోజుదట.

"ఎంతసేపు ఆగుతవు తాతా? ఎంత లెక్కపెడ్తవు?"

"లెక్కెందుకు సారూ. ఎక్కంగనె చెవులల్ల గుండె సప్పుడే ఇనవడ్తది. అది పోయి తాటాకు సప్పుడు ఇనవడాలె. ఇనవడ్డదంటే కత్తి తీస్త."

ఆయన ఇదేదో గొప్ప మాటలా అనలేదు. బండికి లొట్టి సరిగ్గా కట్టిందా లేదా చూసుకుంటూ అన్నాడు. క్లాసుకు ఎంత కట్టావని అడిగితే నిజం చెప్పాను. "పదిహేను నూర్లా!" అని కాసేపు నన్నే చూసి, బండి స్టార్ట్ చేసి, చెరువు వైపు పోయాడు.

ఆటో ఇంకో నలభై నిమిషాలకు గానీ రాలేదు. అంకెలు మానేసి చింతాకు చప్పుడు వినపడుతుందేమోనని కూర్చున్నాను. ముందు నా టెన్షనే వినపడింది, రేపటి ఆడిట్, ఆటో రాకపోతే ఎట్లా. తరువాత ఎక్కడో మోటారు. ఆ తరువాత ఒక పిట్ట. చింతాకు చాలా చిన్నది కదా, దాని చప్పుడు తాటాకులా ఉండదు. గాలి గట్టిగా వీచినప్పుడు ఒకసారి సన్నగా వినపడింది. బహుశా రెండు నిమిషాలు.

హన్మకొండ నుంచి మళ్లీ నిలబడే వచ్చాను, ఎల్కతుర్తి దగ్గర సీటు దొరికింది. ఇల్లు చేరాక మా ఆవిడ బీపీ మిషన్ తెచ్చి చేతికి పట్టీ చుట్టింది. 148. ఆమె ఏమీ అనలేదు గానీ, ఆటోకు ఎంతయిందని అడిగింది.