ఆడికే ఎందుకు పోయిందప్పా?

సంక్రాంతి నుంచీ మన బ్యాచ్ లీడర్ వాట్సాప్‌లో వెంటపడుతున్నాడు. "నువ్వేదో అమెరికాలో పెద్ద వైరాలజిస్టువంట కదమ్మాయ్, మన వెటర్నరీ కాలేజీ రీయూనియన్ సావనీరుకు నాలుగు పేజీలు రాసియ్యి. లేకుంటే నీ పేజీలో సాంబారు సమ్మె ఫొటో వేస్తాం" అని. ఆ ఫొటోలో బకెట్ ఎవరి చేతిలో ఉందో మీకందరికీ తెలుసు కాబట్టి రాస్తున్నాను.

అనాటమీ హాలు గురించి తాత రాస్తాడు, ఫార్మలిన్ వాసన వాడికే ఇంకా వదల్లేదు. ఎనుము మీద ఊరేగింపు గురించి రాసే హక్కు బుజ్జిగాడిది. సెకండియర్లో ఏం జరిగిందో నాకు నిజంగానే గుర్తు లేదు. మొత్తం తిరుపతిలో నాకు మిగిలింది సూక్ష్మజీవుల పాఠం చెప్పిన ఒక్క పురుగుల సారు, అందులోనూ ఒక్క వేసవి.

మెస్ కుక్క రాణి పిల్లలు వరసగా నెత్తురు విరేచనాలతో పోయిన వేసవి అది. పార్వో అనే వైరస్ తెచ్చే ఈ కుక్కల జబ్బు అప్పటికి కొత్తది. 1978లో ఒక్కసారిగా దేశదేశాల్లో బయటపడింది. 1980ల మొదట్లో మద్రాసు వాళ్లు ఇక్కడా ఉందని చెప్పారు. మన పుస్తకాల్లో దాని పేరు కూడా లేదు. సారు నోట్సులో మాత్రం సైక్లోస్టైల్ చేసిన ఒక పేజీ ఉండేది. చచ్చిన పిల్లను పోస్ట్‌మార్టం బల్ల మీద పెట్టి, పేగు చీల్చి చూపించి, "చూడండప్పా, లోపలి పొర మొత్తం ఊడిపోయింది" అన్నాడు. తర్వాత ఎప్పటిలాగే అడిగాడు: "ఒళ్లంతా ఉండగా ఆడికే ఎందుకు పోయిందప్పా ఇది?"

ఎవరూ నోరెత్తలేదు. "నోట్లోంచి పోయింది కాబట్టి పేగు దగ్గర కదా సార్" అన్నాడు తాత. "అయితే ఎముక మూలుగలోకి బస్సెక్కి పోయిందా?" అన్నాడు సారు.

ఆ జబ్బు పార్వోనే అని తేల్చడానికి సారు దగ్గర ఉన్నది ఒకే దారి, హీమగ్లూటినేషన్. కుక్క పార్వో పంది ఎర్ర రక్తకణాలను అతికిస్తుంది, అదీ చలువలోనే. నాలుగు డిగ్రీల దగ్గర పెడితే ప్లేటులో వైరస్ ఉన్న గుంటలో కణాలు పల్చగా పరుచుకుంటాయి, లేని గుంటలో అడుగున బొత్తాంలా కూర్చుంటాయి. పందుల ఫారం నుంచి రక్తం తెచ్చే పని బుజ్జిగాడికి పడింది. వాడు రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఆల్సీవర్ ద్రావణం సీసా పట్టుకుని సైకిల్ మీద పోవడం, పంది వాణ్ని కొట్టంలో పడేయడం, సీసా మాత్రం పగలకుండా రావడం మీకు తెలిసిన కథే. దానికి సారు ప్రాక్టికల్స్‌లో రెండు మార్కులు ఎక్కువేశాడని మిగతావాళ్లు చేసిన గొడవ ఇంకో కథ.

విరేచనాల నీళ్లలో క్లోరోఫారం పోసి, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పై నీరు తీసుకున్నాం. "కొవ్వు పొర ఉన్న వైరస్సులు క్లోరోఫారంకి చస్తాయి. దీనికి ఆ పొర లేదు, అందుకే చావదు" అని సారు చెప్తూనే ఉన్నాడు. ప్లేటులో గుంట గుంటకీ సగం చేస్తూ పలచన చేసి, రక్తం వేసి, ఫ్రిజ్‌లో పెట్టామో లేదో కరెంటు పోయింది. మే నెల తిరుపతి! సారు జేబులోంచి పది రూపాయల నోటు తీసి, "ఐసుగడ్డ" అన్నాడు, ఇంకో మాట లేదు. సోడా షాపు నుంచి గోనెపట్టాలో చుట్టి ఐసు తెచ్చింది లీడరే. ఈ కథలో వాడికి దక్కే పాత్ర అదొక్కటే, కాబట్టి ఎడిట్ చేయకుండా వేస్తాడనుకుంటున్నా. థర్మోకోల్ పెట్టెలో ప్లేటు పెట్టి, కొవ్వొత్తి వెలుగులో మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చున్నాం. లేడీస్ హాస్టల్ గేటు మూసే వేళ దాటిపోయింది. వార్డెన్‌కు సారే చీటీ రాసిచ్చాడు: "ఈ పిల్ల పంది రక్తంతో పనిలో ఉంది." ఆ చీటీ వల్ల నాకు వచ్చిన పేరును ఇక్కడ రాయను.

కొవ్వొత్తి దగ్గరికి తెచ్చి చూస్తే వరుసలో చాలా గుంటల దాకా కణాలు పరుచుకునే ఉన్నాయి. వైరస్ వేయని కంట్రోలు గుంటల్లో మాత్రం బొత్తాలు. సారు గట్టిగా నవ్వడం నేను చూసింది అప్పుడే.

మర్నాడు మెస్ మెట్లన్నీ బ్లీచింగ్ పౌడర్‌తో కడిగించాడు. జవాబు మాత్రం వారం తర్వాత క్లాసులో చెప్పాడు. ఈ వైరస్ మరీ చిన్నది, తన డీఎన్‌ఏను తాను నకలు చేసుకునే సరంజామా దానికి లేదు. విభజన చెందుతున్న కణంలో ఆ సరంజామా సిద్ధంగా ఉంటుంది కాబట్టి అక్కడే బతుకుతుంది. పేగు లోపలి పొర, ఎముక మూలుగ ఎప్పుడూ విభజన చెందుతూనే ఉంటాయి. పుట్టిన కొత్తలో కుక్కపిల్లకు గుండె కణాలు కూడా విభజన చెందుతుంటాయి, అందుకే అప్పుడు సోకితే గుండెను పట్టుకుంటుంది. ఆ ఈతలో ఒక్క పిల్లే బతికింది. దానికి పార్వతి అని పేరు పెట్టిన పుణ్యాత్ముడు ఇప్పుడు రిటైర్డ్ జాయింట్ డైరెక్టర్.

ఇక తర్వాతవి చకచకా. ఎంవీఎస్సీ, జీఆర్ఈ, పెళ్లి, విమానం, పిల్లలు. పీహెచ్‌డీకి నాకు దొరికింది కుక్క పార్వోనే. కార్నెల్‌లో కొలిన్ పారిష్ బృందం వాళ్ల పని చదువుతుంటే సారు గొంతు వినిపించేది. పిల్లుల పాన్‌ల్యూకోపీనియా వైరస్‌కు దగ్గరి చుట్టమిది. పై తొడుగు ప్రొటీన్‌లో 93, 323 స్థానాల్లాంటి కొన్నిచోట్ల అమైనో ఆమ్లాలు మారాయి, కుక్క కణాలను పట్టుకోవడం వచ్చింది. ఆ కణాల మీద అది పట్టుకునేది ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్‌నని తర్వాత 2000ల మొదట్లో తేలింది. అది కణంలోకి ఇనుము వెళ్లే ద్వారం. విభజన చెందే కణాలకు ఇనుము ఎక్కువ కావాలి, ద్వారాలూ ఎక్కువే ఉంటాయి. ఇదంతా తేలాక సారుకు ఏరోగ్రామ్‌లో రాశాను. జవాబు వచ్చింది: "నేను సగం చెప్పినాను, నువ్వు మిగతా సగం చెప్పినావు. ఇద్దరికీ పాస్ మార్కులే."

ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ వెళ్లాక నేను పనిచేసే వైరస్ మారింది, కుటుంబం మారలేదు. ఏఏవీ, అంటే అడినో-అసోసియేటెడ్ వైరస్ కూడా పార్వోనే. 1965లో అడినోవైరస్ కల్చర్లలో కల్తీగా దొరికింది. పక్కన ఇంకో వైరస్ సాయం లేనిదే పెరగదు, మనుషులకు ఏ జబ్బూ తెస్తున్నట్టు తేలలేదు. దాని జన్యువులన్నీ తీసేసి, రెండు కొసల్లో 145 డీఎన్‌ఏ అక్షరాల ముక్కలు మాత్రం ఉంచి, మధ్యలో మనకు కావలసిన జన్యువు పెట్టి కణంలోకి పంపొచ్చు. 4,700 అక్షరాలే పడతాయి, అంతే గది. 1982లో దాన్ని ప్లాస్మిడ్‌లోకి, అంటే బాక్టీరియాలో పెంచుకోగల డీఎన్‌ఏ చుట్టలోకి ఎక్కించింది ఆ ఊళ్లోనే. మరుసటి ఏడాది దాని అక్షరక్రమం మొత్తం చదివి ప్రచురించిన వాళ్లలో మొదటి పేరు మనవాడిది, అరుణ్ శ్రీవాస్తవ. ఆ పేపర్ జిరాక్స్ నా బల్ల సొరుగులో ఇంకా ఉంది.

1999లో ఫిలడెల్ఫియా ట్రయల్‌లో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడు చనిపోయాక జన్యుచికిత్స అంటేనే జనం భయపడ్డారు. అందులో వాడింది అడినోవైరస్, మాది కాదు. ఆ తేడా గ్రాంటులు ఇచ్చేవాళ్లకు పట్టలేదు. రెండేళ్లు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న టెన్షన్.

2001లో కుక్కలే ఆదుకున్నాయి. ఆర్‌పీఈ65 జన్యువు చెడి పుట్టుగుడ్డివైన బ్రయార్డ్ కుక్కలకు ఏఏవీతో చూపు తెప్పించారు. పెన్సిల్వేనియా, కార్నెల్, మా ఫ్లోరిడా వాళ్లు కలిసి చేసిన పని. లాన్స్‌లాట్ అనే కుక్కను వాషింగ్టన్ తీసుకెళ్లి కాంగ్రెస్ సభ్యులకు చూపించారు కూడా. సెలవుల్లో వచ్చినప్పుడు ఇది చెప్పాలని కపిలతీర్థం రోడ్డులో సారింటికి పరిగెత్తాను. ఓపిగ్గా అంతా విని, "కంటికే ఎందుకు పోయిందమ్మా?" అన్నాడు.

"రెటీనా కింద నేరుగా ఇంజెక్షన్ వేశారు సార్."

"అయితే అది పోలేదు. మీరు తీసుకుపోయి వదిలినారు."

ఆ తర్వాత నా పని మొత్తం ఆ మాటకు జవాబు వెతకడమే. ఏఏవీ తొడుగులో 60 ప్రొటీన్లుంటాయి. వాటి మీద బయటికి పొడుచుకొచ్చిన లూపులను బట్టి అది ఏ కణాన్ని పట్టుకుంటుందనేది చాలావరకు ఆధారపడుతుంది. రక్తనాళంలో ఎక్కిస్తే ఎక్కువ భాగం కాలేయానికే పోతుంది, మనం కండరానికి పొమ్మన్నా సరే. మేం లూపులు మార్చి, ఎలుకల్లో చూసి, మళ్లీ మార్చేవాళ్లం. ఎలుకలో బ్రహ్మాండంగా పోయింది కోతిలో పోయేది కాదు. ఒక పేటెంటులో నాలుగో పేరు నాది. ఆ కాగితం కొలువులో పెట్టిన బొమ్మల పక్కన పెట్టింది మా ఆయన, నేను కాదు.

కుక్కల కంటి మందు మనుషులకు లక్స్‌టర్నాగా 2017లో వచ్చింది. 2019లో జోల్‌జెన్‌స్మా వచ్చింది. వెన్నులోని నరకణాలు చచ్చిపోయే ఎస్‌ఎంఏ పిల్లలకు ఒక్కసారి ఇచ్చే ఇంజెక్షన్. కిలో బరువుకు కోటి కోట్ల పైచిలుకు వైరస్ రేణువులు రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అది ఏఏవీ9 అనే రకం, నరకణాల దాకా తనంతట తనే పోతుంది. అప్పటికి సారు లేరు. ఈసారైనా "పోయిందిలే" అనేవాడని నా ఆశ. కాలేయానికి కూడా పోతుంది కాబట్టి పిల్లలకు ముందు నుంచే స్టెరాయిడ్ ఇవ్వాలని చెప్పి ఉంటే ఒక మార్కు కోసేవాడు.

వచ్చినప్పుడు దాని ధర మాత్రం 21 లక్షల డాలర్ల పైన. 2021లో హైదరాబాద్‌లో ఒక పిల్లాడికి ఆ 16 కోట్ల మందు కోసం ఊళ్లకూళ్లు విరాళాలు పోగేసినప్పుడు మన గ్రూపులో కూడా లింకు తిరిగింది. "ఇది నువ్వు చేసేదేనా?" అని బుజ్జిగాడు అడిగితే, కాదు, దాని దాయాదులది అన్నాను. నిజానికి గర్వంగానే ఉంది. గుర్తున్నంత మేర మొదటిసారి మా అక్క కూడా "నీ ఉద్యోగమేందో ఇప్పుడర్థమైంది" అంది. ఒక ఇంటి చేతకు అందని మందు చేసే చోట ఉన్నానన్నది కూడా ఆ రోజే మనసులో పడింది. ఇంకా అక్కడే ఉంది.

ఇప్పుడు నేను చూస్తున్నది యాంటీబాడీల సంగతి. ఏఏవీ మనుషుల్లో చాలామందికి చిన్నప్పుడే తెలియకుండా సోకి పోతుంది, రక్తంలో యాంటీబాడీలు మిగులుతాయి. అవి ఎక్కువున్నవాళ్లకు ఈ మందు ఎక్కదు, వేసినా అవి దారిలోనే పట్టేస్తాయి. మన మెస్‌లో తిన్నవాళ్ల రక్తంలో ఏం లేదో చెప్పడం తేలికనుకుంటా. రీయూనియన్‌కు సిరంజీలు తెస్తున్నాను. తాతా, నువ్వు ముందు కూర్చో. బుజ్జిగాడికి అలవాటే, రక్తం సీసాలు వాడే మోస్తాడు.