ఒక చెవి ఉన్నట్టుండి దిబ్బడ వేస్తే గులిమి అనుకోకండి

నొప్పి లేదు, జలుబు లేదు, చీమూ లేదు. నా కుడి చెవి మాత్రం దూది కుక్కినట్టు దిబ్బడ వేసింది, లోపల ఆగని హోరు. ఇలాంటప్పుడు చుట్టుపక్కల వాళ్ళు ముందుగా అనేది గులిమి పట్టిందనే. నూనె చుక్కలు, ముక్కు స్ప్రే, ఆవిరి అంటూ వారం గడిచిపోతుంది. పోగొట్టుకోకూడనిది సరిగ్గా ఆ వారమే.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. నోరు మూసుకుని ‘మ్‌...’ అని సన్నగా మూలగాలి. ఆ శబ్దం దిబ్బడ వేసిన చెవి వైపు గట్టిగా వినిపిస్తే అడ్డం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉందని అర్థం. బాగున్న చెవి వైపు పోతే లోపలి చెవిని అనుమానించాలి. ఈఎన్‌టీ డాక్టరు తడితే మోగే లోహపు కడ్డీ, అదే 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను నుదుటి మీద ఆనించి చూసేది కూడా ఇదే. నాకు శబ్దం ఎడమకు పోయింది. చెవిలో చూస్తే గులిమి లేదు, కర్ణభేరి శుభ్రంగా ఉంది. అయినా ఫోర్క్‌తో తెలిసేది దిశ ఒక్కటే, ఎంత పోయిందో చెప్పాల్సింది ఆడియోగ్రామ్, అంటే వినికిడిని గీతగా చూపే పరీక్ష. 72 గంటల లోపు, పక్కపక్కన ఉన్న మూడు ఫ్రీక్వెన్సీల్లో 30 డెసిబెల్స్, అంతకు మించి వినికిడి పడిపోతే దాన్ని సడన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్ అంటారు, అంటే లోపలి చెవి లేదా నరం దెబ్బతిని ఉన్నట్టుండి వచ్చే చెవుడు. నా గీత 500 హెర్ట్జ్ దగ్గర 30లో మొదలై, 1000 దగ్గర 45కి, 2000 దగ్గర 60కి, 4000 దగ్గర 75కి దిగింది (డెసిబెల్ అంకె పెరిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు). ఇలా పైస్థాయిల వైపు, అంటే కీచు శబ్దాల వైపు, దిగే గీత కోలుకోవడానికి అంత మంచి సూచన కాదు. కింది స్థాయిలు మాత్రమే దెబ్బతిన్నవాళ్ళు తొందరగా తేరుకుంటారు. కళ్ళు తిరగడం కూడా తోడైతే అవకాశం ఇంకా తగ్గుతుంది. అది నాకు లేదు.

లోపలి చెవిలో వినికిడికి పనిచేసే కాక్లియా నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం. మొదట్లో కీచు శబ్దాలు, కొసన బొంగురు శబ్దాలు పలుకుతాయి. అందులో శబ్దాన్ని పట్టేవి రోమ కణాలు. లోపలి రోమ కణాలు సుమారు 3,500. మెదడుకు వార్త పంపేవి ప్రధానంగా ఇవే. బయటి రోమ కణాలు దాదాపు 12,000. ఇవి సన్నని శబ్దానికి సాగుతూ ముడుచుకుంటూ దాన్ని పెంచుతాయి. ఇవి దెబ్బతింటే ఓ వింత జరుగుతుంది: మెల్లగా మాట్లాడితే అసలు వినపడదు, కాస్త గొంతు పెంచితే చెవిలో పొడిచినట్టుంటుంది. స్టీలు గిన్నె కింద పడితే తట్టుకోలేకపోయేదాన్ని. ఒకే స్వరం రెండు చెవుల్లో రెండు శ్రుతుల్లో వినిపించేది. చెవుడు వచ్చినవాళ్ళకు శబ్దం పడకపోవడమేమిటని ఇంట్లోవాళ్ళు విసుక్కోవడం సహజం, కారణం మాత్రం ఇదే.

ఈ చెవుడు ఎందుకొచ్చిందని అడిగితే, పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి కారణం దొరకదు. వైరస్, రక్తప్రసరణ ఆగడం, సొంత రోగనిరోధక శక్తి ఎదురుతిరగడం... అనుమానాలు ఇవీ. కాక్లియాకు రక్తం తెచ్చేది ఒకే సన్నని ధమని, అది మూసుకుంటే పక్కదారి లేదు. పైగా కాక్లియా తల ఎముకల్లోకెల్లా గట్టి ఎముకలో దాగి ఉంది. బతికున్న మనిషిలో ముక్క తీసి పరీక్షిస్తే ఉన్న వినికిడీ పోతుంది. ఇన్నేళ్ళ పరిశోధన తర్వాతా జవాబు రాకపోవడానికి సగం కారణం ఇదే. వినికిడి నరం మీద గడ్డ లేదని తేల్చుకోవడానికి మాత్రం గాడోలినియం అనే, స్కాన్‌లో స్పష్టంగా కనబడేలా చేసే మందుతో ఎమ్మారై తప్పకుండా తీయించాలి. మందు వేశాక వినికిడి మెరుగుపడినా సరే, ఇది మానకూడదు.

వైద్యం స్టీరాయిడ్. ప్రెడ్నిసొలోన్ కిలో బరువుకు రోజుకు 1 మి.గ్రా. చొప్పున, 60 మి.గ్రా. మించకుండా, 10 నుంచి 14 రోజులు, తర్వాత తగ్గించుకుంటూ రావాలి. మొదటి రెండు వారాల్లో మొదలుపెట్టడం ముఖ్యం. పొద్దున టిఫిన్ తర్వాత ఒకేసారి వేసుకుంటే కడుపులో మంట, రాత్రి నిద్రలేమి తగ్గుతాయి. షుగర్ ఉన్నవాళ్ళకు మధ్యాహ్నం నుంచి చక్కెర బాగా పెరుగుతుంది. పరగడుపు రీడింగ్ చూసి ధీమా పడకూడదు, సాయంత్రం కూడా చూసుకోవాలి. స్టీరాయిడ్ అందరికీ పనిచేస్తుందని గట్టి రుజువు లేదు, దానంతటదే తగ్గేవాళ్ళూ ఉన్నారు. అయినా ఎదురుచూస్తూ కూర్చోవడం నాకు తెలివైన పనిగా తోచలేదు.

మాత్రలతో కింది స్థాయిలే తిరిగొచ్చాయి. అందుకని కర్ణభేరి గుండా డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు చేశారు. చెవికి మత్తుమందు పెట్టి, సన్నని సూదితో 0.4 నుంచి 0.8 మి.లీ. మధ్య చెవిలోకి వదులుతారు. అక్కడి నుంచి మధ్య చెవికీ కాక్లియాకూ మధ్య ఉన్న రౌండ్ విండో పొర దాటి మందు కాక్లియాలోకి ఇంకాలి. మందు ఒంటి వేడికి రాకుండా చల్లగా పోస్తే గది గిర్రున తిరుగుతుంది, కాబట్టి వయల్‌ను కాసేపు అరచేతిలో వెచ్చబెట్టమని అడగండి. తర్వాత ఆ చెవి పైకి ఉండేలా అరగంట పడుకోవాలి. మాట్లాడకూడదు, మింగకూడదు. మింగిన ప్రతిసారీ మధ్య చెవిని గొంతుతో కలిపే యుస్టేషియన్ గొట్టం తెరుచుకుని మందు గొంతులోకి జారిపోతుంది. నోరూరితే టిష్యూలోకి ఉమ్మేయడమే. గొంతులో చేదు తగిలిందంటే మందు కారుతున్నట్టే. రంధ్రం మూసుకునేదాకా తలస్నానానికి వాజెలిన్ రాసిన దూది చెవిలో పెట్టుకోవాలి. అరుదుగా ఆ రంధ్రం మూసుకోదు, సంతకం పెట్టే ముందు అదీ అడగాలి.

4000 హెర్ట్జ్ దగ్గర నా గీత 75 నుంచి 50కి వచ్చి ఆగింది. ఆపై కదలదు, ఎందుకంటే మనిషికి చచ్చిన రోమ కణం మళ్ళీ మొలవదు. పక్షులకు మొలుస్తుందని 1988లోనే తేలింది. షాంఘైలో ఓటీఓఎఫ్ జన్యులోపంతో పుట్టిన పిల్లలకు జన్యుచికిత్సతో వినికిడి వచ్చిన ఫలితాలు 2024లో వెలువడ్డాయి. కానీ ఆ పిల్లల్లో రోమ కణాలు చెక్కుచెదరకుండా ఉంటాయి, వార్త పంపే ప్రోటీన్ ఒక్కటే కరువు. పేపర్లో ‘చెవుడుకు మందు’ అని చూసి నాలాంటివాళ్ళు ఆశపడితే లాభం లేదు.

ఇప్పుడు కుడి చెవికి ఫోన్ పెడితే ‘సరే’ అన్నది ‘అరే’ అనిపిస్తుంది, స, శ, ఫ పలికేది ఆ పైస్థాయిల్లోనే కదా. హోటల్లో కుడి చెవి గోడ వైపు ఉండేలా కూర్చుంటాను. ఏ ఆసుపత్రికి వెళ్ళినా జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రాసేముందు నాకు మిగిలింది ఒకటే మంచి చెవి అని చెబుతాను. ఆ మందులు రోమ కణాలనే చంపుతాయి.