ఆరున్నర శ్రుతిలో ట్రాన్స్

తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కళాశాల వార్షికోత్సవంలో చివరి గంట డీజే బాధ్యత నాకు అప్పగించారు. రాత్రి 10కి లౌడ్‌స్పీకర్లు ఆగాలి, ఆ లోపు మైదానం ఊగిపోవాలి. అందుకని 140 బీపీఎం (నిమిషానికి 140 దెబ్బలు) వేగంతో సాగే ట్రాన్స్ అనే డ్యాన్స్ సంగీతంలో పాట ఒకటి అనుకున్నాను. దాని ముందు నడిచేది 132 వేగంతో ఏ మైనర్‌లో ఉన్న ప్రోగ్రెసివ్ హౌస్ అనే మరో రకం డ్యాన్స్ పాట. మన కర్ణాటక సంగీతం లెక్కలో ఆరు శ్రుతి.

తాళం కలపడానికి సింక్ మీట నొక్కితే చాలు. చిక్కంతా శ్రుతిదే. 140ని 132కి దించాలంటే దాదాపు 5.7 శాతం తగ్గించాలి. కీ లాక్ వేస్తే శ్రుతి కదలదు నిజమే, కానీ అంత సాగదీతకు కిక్ డ్రమ్ దెబ్బ మెత్తబడుతుంది, ప్యాడ్ (వెనక నిలిచి మోగే సింథ్) స్వరాలు వణుకుతాయి. హెడ్‌ఫోన్‌లో పట్టుబడని ఆ లోపం పెద్ద స్పీకర్లలో దాగదు. లాక్ తీసేస్తే వేగంతో పాటు శ్రుతీ దిగుతుంది. ఎంత? సుమారు 6 శాతానికి అర శ్రుతి. ఈ లెక్క తెలిశాక నా పని తేలికైంది: ఆరు శ్రుతి పాటతో కలపాలంటే ఆరున్నర శ్రుతి ట్రాన్స్ వెతకాలి. దించితే అదే ఆరులోకి వచ్చి కూర్చుంటుంది.

ఏ శ్రుతి పాట దేనితో కలుస్తుందో చూసుకోవడానికి డీజేలు వాడే కామెలాట్ చక్రంలో ఆరు శ్రుతి మైనర్ 8ఏ గడి, ఆరున్నర 3ఏ. ఆ రెండూ దూరపు గళ్లు, చక్రాన్నే నమ్ముకున్నవారు ఈ జతను చూడనే చూడరు. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న మా అక్క ఆ చక్రం చూసి, "ఇది షడ్జ పంచమాల వరసే కదరా" అని తేల్చేసింది.

సాఫ్ట్‌వేర్ మాత్రం నేను ఎంచిన పాటను 3బీ అని చూపించింది, అంటే ఒకటిన్నర శ్రుతి మేజర్. స్వరాలు రెండింటికీ అవే, ఆధార షడ్జమే వేరు. శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జం చేస్తే నఠభైరవి వచ్చినట్టు. శ్రుతి పెట్టె ఆరున్నరలో పెట్టి విన్నాం. బేస్ అక్కడికే వచ్చి ఆగుతోంది. సాఫ్ట్‌వేర్ మాట పక్కన పెట్టాను.

వేదిక మీద ట్రాన్స్‌ను 132కి దించి, పాత పాట చివరి 32 బార్లతో (బారుకు నాలుగు దెబ్బలు) కలిపి వదిలాను. అంటే 58 సెకన్లు. మొదటి సగం పాత బేస్, సరిగ్గా 17వ బారు మొదట్లో అది దించి కొత్తది పైకి. రెండు బేస్‌లు కలిసి మోగితే ఎంత శ్రుతి కుదిరినా రొదే. ప్యాడ్‌లు మాత్రం ఒకే పాటలోవన్నట్టు కలిసిపోయాయి.

పాత పాట పూర్తిగా తప్పుకున్నాక డ్రమ్ములు మాత్రమే వినిపించే భాగం వచ్చింది. శ్రుతి జారుతున్నా చెవికి తెలియని చోటు అదే. అక్కడే వేగం మార్చే పిచ్ ఫేడర్ మీటను కొద్దికొద్దిగా జరిపి 140కి చేర్చాను. డ్రమ్ములు ఆగి బ్రేక్‌డౌన్‌లో అసలు రాగం మొదలయ్యేసరికి పాట తన ఆరున్నరలో ఉంది. అర శ్రుతి పెరిగిందని ఎవరూ చెప్పలేరు, కానీ చేతులు పైకి లేచాయి.

అక్కడి నుంచి చక్రంలో పక్క గడికే వెళ్ళాను: ఆరున్నర నుంచి దాని పంచమమైన నాలుగు శ్రుతికి, 4ఏకి. ఆ పాట అసలు వేగం 138. తేడా ఒకటిన్నర శాతంలోపే కాబట్టి దానికి నిశ్చింతగా కీ లాక్ వేశాను.