నిజం రాస్తే లిస్టింగ్ ఎగిరిపోతది

పాత వస్తువులు ఆన్‌లైన్ వేలంలో అమ్మిపెట్టే సైట్లను నేను అడగాలనుకునేది ఒక్కటే. మీ రూల్స్ దొంగల కోసం రాశారా, లేక ఉన్నది ఉన్నట్టు రాసే నాలాంటివాళ్ల కోసం రాశారా? వస్తువు గురించి నాలుగు వాక్యాలు నిజాయితీగా రాస్తే లిస్టింగ్, అంటే మనం పెట్టిన అమ్మకం ప్రకటన, తీసేస్తున్నారు, "ఓల్డ్ ఐటమ్, వెరీ రేర్" అని రెండు మసక ఫోటోలు పెట్టినవాడిది మాత్రం నెలల తరబడి హాయిగా ఉంటోంది, పైగా దాని మీద బిడ్లు కూడా పడుతున్నాయి.

సంగతేమిటంటే, వనపర్తిలో మా తాత కిరాణా దుకాణం నడిపేవాడు. దుకాణం ఎప్పుడో మూతబడింది, ఇల్లు మాత్రం ఉండె, ఈ మధ్య అది కూడా పంపకాలకు వచ్చింది. నాయిన, చిన్నాయన కూర్చుని ఇత్తడి బిందెలు మొదలుకొని టేకు దూలాల దాకా లెక్క గట్టుకున్నారు గానీ అటక మీది సామాను ఎవరికీ అక్కర్లేకపోయింది. "నువ్వు ఫోన్ల అమ్ముతవు గదరా, అమ్మి తలా ఇంత ఇయ్యి" అని చిన్నాయన నా నెత్తిన పెట్టిండు. ఒక డబ్బాడు నాణేలు, చెక్క పలకకు బిగించిన కృష్ణజింక కొమ్ములు, పచ్చీసు ఆడే పాచికలు, వాల్వు రేడియో ఒకటి లైసెన్సు పుస్తకంతో సహా, దుకాణం ముందు వేలాడిన చార్మినార్ సిగరెట్ల రేకు బోర్డు. ఇదీ ఆస్తి.

కొమ్ముల విషయం మొదలే చెప్పేస్తా, వాటిని నేను సైట్లో పెట్టలేదు, పెట్టను కూడా. అవి పెద్దతాతవి, ఆయన పేరు మీద అటవీ శాఖ ఇచ్చిన ఓనర్‌షిప్ సర్టిఫికెట్ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ సర్టిఫికెట్ ఉంటే ఇంట్లో పెట్టుకోవచ్చు, వారసులకు ఇవ్వొచ్చు, అమ్మడానికి మాత్రం లేదు. వారసత్వంగా వచ్చినవాళ్లు కూడా 90 రోజుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియజేయాలి, మా ఇంట్లో ఇప్పుడు ఆ కాగితాల పనే నడుస్తోంది. ఈ రూల్‌తో నాకు పేచీ లేదు. నారాయణపేట జిల్లా మాగనూరు, కృష్ణ మండలాల దిక్కు కృష్ణజింకలు పత్తి చేలల్లో పడి రైతులకు కంటి మీద కునుకు లేకుండా చేస్తున్నాయి నిజమే, కానీ కొమ్ములకు ఒక్కసారి ధర పలికిందంటే రేపు ఆ చేలల్లో ఒక్క జింక మిగలదు. బాధ ఎక్కడంటే, అదే సైట్లో "వింటేజ్ వాల్ డెకార్" అని వెతికితే అచ్చం అలాంటి మెలికల కొమ్ములే ఫోటోలో కనిపిస్తాయి. కింద రాసిన వివరంలో జింక అనే మాట ఎక్కడా ఉండదు. మాట లేదు కాబట్టి లిస్టింగులను తనిఖీ చేసే మిషన్‌కు కనిపించదు, ఫోటో చూసే మనిషేమో అక్కడ లేడు.

ఇక పాచికలు. నాకు అసలు మండింది ఇక్కడే. చిటికెన వేలంత పొడుగున్న నలుపలకల పాచికలు, ముఖాల మీద వలయంలో చుక్క పెట్టి నల్లరంగు నింపారు, చేతులు తగిలి తగిలి అంచులు నున్నగా అరిగిపోయాయి. పసుపుపచ్చగా మెరుస్తుంటే మా ఇంట్లో అందరూ "ఏనుగు దంతంవి, లక్షలు వస్తయి" అనే అనుకున్నారు. నేను చివరి వైపు భూతద్దం పెట్టి చూశాను. ఏనుగు దంతం (ఐవరీ) అయితే అడ్డంగా కోసిన చోట సన్నని గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టు కనిపిస్తాయి. ఎముక అయితే సూదితో పొడిచినట్టు చిన్న చిన్న నల్ల చుక్కలు, గీరలు ఉంటాయి, బతికున్నప్పుడు రక్తం పారిన దారులవి. మా పాచికల్లో ఉన్నవి చుక్కలే. అంటే ఎద్దుదో దున్నపోతుదో ఎముక. లక్షల కల అక్కడికి పోయింది, సరే, ఎముక పాచికలకు కూడా కొనేవాళ్లుంటారు కదా అని దగ్గరి నుంచి ఫోటోలు తీసి, చుక్కలు కనిపించేలా ఒక ఫోటో ప్రత్యేకంగా పెట్టి, "ఎముకతో చేసినవి, ఐవరీ కాదు" అని స్పష్టంగా రాశాను.

టీ తాగి వచ్చేసరికి లిస్టింగ్ లేదు. కారణం: ఐవరీ అమ్మకం నిషిద్ధం.

"కాదు" అని రాసింది చదవకుండా మిషన్ "ఐవరీ" ఒక్కటీ చదివింది. అప్పీల్ పెట్టాను, చుక్కల ఫోటో మీద బాణం గుర్తు గీసి మరీ పెట్టాను. అదే వాక్యం తిరిగి వచ్చింది, ఈసారి కింద "ఇలాగే కొనసాగితే మీ ఖాతా నిలిపివేయబడుతుంది" అని అదనంగా. మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారం వన్యప్రాణి చట్టం 1986 సవరణతో ఆగింది, ఆఫ్రికా దంతం పేరు చెప్పి చేసేది 1991 సవరణతో ఆగింది, ఇదంతా నాకు తెలుసు, అందుకే కదా భూతద్దం పట్టుకుని కూర్చున్నది! సైటు వాళ్లను కూడా పూర్తిగా తప్పుపట్టలేను. అసలు దంతాన్నే "ఐవరీ కాదు" అని కన్నుగీటుతూ అమ్మే ఘనులు ప్రపంచమంతా ఉన్నారు, "ఆక్స్ బోన్" (ఎద్దు ఎముక) అనేది ఆ వ్యాపారంలో పాత ముసుగు. కానీ అలాంటి ఆక్స్ బోన్ లిస్టింగే ఒకటి నా కంటబడింది. బొట్టుపెట్టె మూత, అంచు ఫోటోలో వల అల్లిక గీతలు జూమ్ చేయకుండానే కనిపిస్తున్నాయి. రిపోర్ట్ కొట్టాను. "మా నిబంధనల ఉల్లంఘన ఏదీ కనిపించలేదు, సహకరించినందుకు ధన్యవాదాలు" అని జవాబు. ఎముకను ఎముక అన్నవాడికి వార్నింగ్, దంతాన్ని ఎముక అన్నవాడికి బిడ్లు. ఏం చేయాలి నేను, చెప్పండి?

నాణేల కథ ఇంకో రకం. డబ్బాలో ఎక్కువ ఉన్నవి నిజాం కాలం హాలీ సిక్కాలు, అంటే నిజాం సర్కారు సొంత నాణేలు. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అని మా నాయనమ్మ లెక్క చెప్పేది, కల్దార్ అంటే ఇంగ్లీషు వాళ్ల రూపాయి. వెండి రూపాయి మీద చార్మినార్ బొమ్మ, నడిమి కమానులో ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటాయి. ఆ అక్షరం చూసే ఏ నిజాందో చెప్తారు: "మీమ్" ఉంటే మహబూబ్ అలీఖాన్, "ఐన్" ఉంటే ఉస్మాన్ అలీఖాన్. నా దాంట్లో ఐన్ ఉంది, సంవత్సరం ఉర్దూ అంకెల్లో 1343. అది హిజ్రీ, అంటే ముస్లిం క్యాలెండర్ లెక్క. మన లెక్కలో 1924 ఆగస్టు నుంచి 1925 జూలై మధ్య పడుతుంది. నిజాం రాజ్యంలో నాణేల మీద హిజ్రీ, పట్టా కాగితాల మీద ఫసలీ (పంటల లెక్కన నడిచే రెవెన్యూ సంవత్సరం), ఇక్కడి పాత ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

ఫారంలో "నాణెం మీద ఉన్న సంవత్సరం" అని గడి ఉంది. ఉన్నది 1343, అదే వేశాను. దాదాపు 700 ఏళ్ల నాటి పురావస్తువు అమ్ముతున్నానని లిస్టింగ్ ఆగిపోయింది. కాకతీయులు పోయి ఇరవై ఏళ్లయిన నాటికి చార్మినార్ బొమ్మ ఎట్లా వచ్చిందని ఆ మిషన్‌కు అనుమానం రాలేదు. హిజ్రీ అని వివరించి 1924 అని మార్చి మళ్లీ పెడితే అప్పుడు అసలు చిక్కు బయటపడింది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువే. చేతిరాత ప్రతులకైతే, వాటికి చారిత్రక విలువో సాహిత్య విలువో ఉంటే, 75 ఏళ్లు చాలు, ఇంట్లో తాళపత్రాలున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి. ఈ వందేళ్లనేది ఒక తేదీ దగ్గర ఆగే గీత కాదు, ఏటా ముందుకు జరుగుతూ ఉంటుంది. కొన్నేళ్ల కింద ఇదే రూపాయి ఉత్త పాత నాణెం. డబ్బాలో కదలకుండా పడి ఉండే, తనంతట తాను పురావస్తువు అయి కూర్చుంది. చిన్నాయనకు ఇదంతా చెప్తే, "తాత సొమ్ము అమ్మనీకి ఆ ఫోన్ పర్మిషన్ ఏందిర?" అని నన్నే కోప్పడ్డడు.

నిజానికి చట్టంలో లైసెన్సు అడిగింది పురావస్తువుల అమ్మకాన్ని వ్యాపారంగా చేసేవాళ్లను. తాత డబ్బాలోంచి నాలుగు రూపాయి బిళ్లలు తీసి అమ్ముకునేవాడు వ్యాపారి ఎట్లా అవుతాడో నాకైతే అర్థం కాదు, వకీళ్లెవరైనా ఉంటే చెప్పండి. సైటు మాత్రం వందేళ్లు దాటిందంటే చాలు, ఎవరినైనా లైసెన్సు నంబరు అడుగుతుంది, ఆ గడి నింపకపోతే బటన్ నొక్కనివ్వదు. సరే, 1343 పక్కనపెట్టి తర్వాతి కాలం నాణేలు పెట్టాను. అవి నిలబడ్డాయి. అప్పుడు ఇంగ్లండ్‌లోని లీసెస్టర్ నుంచి ఒకాయన, మూలాలు హైదరాబాద్‌వేనట, ఆ 1343 రూపాయే కావాలని మెసేజ్ పెట్టాడు. మంచి రేటే ఇస్తానన్నాడు. పురావస్తువును దేశం దాటించడం మామూలు మనుషులకు ఏ కాగితంతోనూ కుదరదు, ఆ హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకే. వందేళ్లు నిండని దానికైనా కస్టమ్స్‌లో అనుమానం వస్తే ఇది పురావస్తువు కాదని పురావస్తు సర్వే శాఖ వాళ్ల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆయనకు ఇవన్నీ వివరంగా రాశాను. "కవర్లో పెట్టి పంపేయండి సార్, అందరూ అదే చేస్తారు" అన్నాడు. అక్కడితో మాటలు బంద్.

డబ్బా అడుగున ముతక రాగి బిళ్లలు కొన్ని ఉన్నాయి, అంచులు సరిగా గుండ్రంగా కూడా లేవు. నాణేల కేటలాగుల్లో హైదరాబాద్ కింద గద్వాల, నారాయణపేట, వనపర్తి పేర్లు విడిగా ఉంటాయి, మన సంస్థానాల పేరు మీద కూడా నాణేలు పడ్డాయి మరి. ఇవి వాటిలోవేనా అన్నది తెలిసినవాళ్లకు చూపించాలి. ఒకవేళ అయితే మాత్రం అమ్మే ఉద్దేశం లేదు, చిన్నాయన ఏమన్నా సరే. ఇంకో మాట, ఇవి అటక మీద దొరికాయి కాబట్టి సరిపోయింది. పునాది తవ్వుతుంటేనో చేను దున్నుతుంటేనో దొరికితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. పది రూపాయలు! ఇప్పటికీ అదే.

రేకు బోర్డు, రేడియోల గురించి ఎక్కువ చెప్పను. సిగరెట్ బోర్డు పొగాకు ప్రకటన కిందికి వచ్చిందట. అందులో ఎంతో కొంత న్యాయముంది, 2003 చట్టం ప్రకటనలను ఆపింది, అయితే తుప్పు పట్టిన ఈ రేకును చూసి ఇప్పుడెవరు సిగరెట్ మొదలుపెడతారో. ఆ తర్వాత మామూలు చార్మినార్ నాణేనికి కూడా "పొగాకు సంబంధిత" అని హెచ్చరిక వచ్చింది. నా ఖాతాలో చార్మినార్ అనే మాటకే ముద్ర పడ్డట్టుంది. రేడియోకు "వైర్‌లెస్ లైసెన్సు పుస్తకంతో సహా" అని రాసినందుకు అనుమతి లేని రేడియో పరికరాల కింద ఆపారు. వాకీటాకీల అమ్మకం మీద 2025లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది, దాని దెబ్బే అయ్యుంటుంది. ఒకప్పుడు ఇంట్లో రేడియో ఉంటే లైసెన్సు ఉండాల్సిందే, పోస్టాఫీసులో ఏటా ఫీజు కట్టి స్టాంపులు అంటించుకున్న ఆ పుస్తకం ఇష్టపడేవాళ్లకు రేడియో కంటే విలువైనది. అది తీసేసి "ఓల్డ్ మర్ఫీ, వర్కింగ్ కండిషన్ తెలియదు" అని పెడితే ఒక్క పూటలో ఓకే అయింది. తక్కువ చెప్తే పనవుతుందని సైటే నేర్పిస్తోంది.

ఇంత కాపలా కాసే సైట్లో నా నంబరు ఎట్లా బయటికి పొక్కిందో గానీ, నాణేలు పెట్టిన దగ్గర్నుంచి ఫోన్లే ఫోన్లు. "మీ నాణేనికి పన్నెండు లక్షలు, రిజర్వ్ బ్యాంక్ రిజిస్ట్రేషన్‌కు ముందుగా రెండు వేలు కట్టండి." పాత నోట్లు, నాణేల కొనుగోళ్లతో మాకు సంబంధం లేదు, ఎవరి దగ్గరా ఫీజులు, కమీషన్లు వసూలు చేయం అని ఆర్‌బీఐ 2021లోనే ప్రకటన ఇచ్చింది. మా వీధిలోనే ఒకామె ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలు వస్తాయని నమ్మి డబ్బులు పోగొట్టుకుంది. అట్లాంటి ప్రకటనలు మాత్రం ఏ ఫిల్టర్‌కూ చిక్కవు, ఎందుకంటే వాటిలో ఐవరీ లేదు, జింక లేదు, పొగాకు లేదు, ఉత్త మోసమే ఉంది.

ఇంతకీ నేను అడిగేది పెద్దదేం కాదు. హిజ్రీ, ఫసలీ అని ఎంచుకునే వీలు. కాగితాలున్నవాళ్లు వాటిని జతచేసే చోటు. తీసేసినప్పుడు ఏ చట్టం, ఏ సెక్షన్, ఎవరిని కలవాలి అని ఒక్క లైను. అప్పీల్‌ను చదివే ఒక మనిషి, రోజుకు గంట కూర్చున్నా చాలు. వేలంలో మన దగ్గర తీసుకునే కమీషన్‌తో ఈ మాత్రం చేయలేరా?

హాలీ సిక్కాలు సగం హైదరాబాద్‌లో నాణేల ప్రదర్శన జరిగినప్పుడు అమ్మేశాను. అక్కడ కూర్చున్న పెద్దమనిషి కమానులో అక్షరం చూసి, తూకం వేసి, బేరం లేకుండా రేటు చెప్పాడు, నేను కూడా బేరమాడలేదు. పాచికలు ఇంట్లోనే ఉన్నాయి, సంక్రాంతికి పిల్లలకు పచ్చీసు నేర్పుదామని అనుకుంటున్నా. జవాబు ఎప్పుడో వచ్చేసినా వాటి అప్పీల్ ఇప్పటికీ "పరిశీలనలో" అనే చూపిస్తోంది. రేకు బోర్డు ఎవరికైనా కావాలంటే పాలమూరు వచ్చి తీసుకుపోండి, పార్శిల్ చేయను.