పద్దు పుస్తకంలో రెండు వరసలు

2022 ఎండాకాలంలో నాకు కుడి పక్కటెముకల కింద బరువుగా ఉండటం మొదలైంది. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది. గ్యాస్ అనుకుని మూడు నెలలు గోలీలు మింగాను. మగ్గం మీద వంగితే లోపల ఏదో అడ్డం పడ్డట్టుండేది. చివరికి వరంగల్‌లోనే స్కానింగ్ తీయిస్తే కాలేయంలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. కాలేయ కేన్సర్ ఉంటే పెరుగుతుందనే ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్ రక్తపరీక్షలో 5 అని వచ్చింది. "నార్మల్‌గానే ఉందమ్మా, కేన్సరైతే వందల్లో ఉంటుంది. ఆర్నెల్లయ్యాక మళ్లీ చూద్దాం" అన్నారు అక్కడ. ఆ మాటకు నేనూ మా ఆయనా భద్రకాళి గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చాం.

మా బిడ్డకే మనసొప్పలేదు. "అమ్మమ్మ కూడా కడుపు ఉబ్బే కదనే పోయింది. ఇంకోచోట చూపిద్దాం" అని పట్టుబట్టి, కాజీపేటలో రైలెక్కించి హైదరాబాద్ తీసుకుపోయింది. నేను ఈ రోజు ఇది రాయగలుగుతున్నానంటే ఆ పట్టుదల వల్లే.

అక్కడి డాక్టరు కూడా ముందుగా మా అమ్మ గురించే అడిగారు. కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ బి వైరస్ పరీక్ష చేస్తే పాజిటివ్. పుట్టినప్పుడే తల్లి నుంచి వచ్చి ఉండొచ్చని, అలా పసితనంలో సోకితే చాలామందిలో జీవితాంతం ఉండిపోతుందని చెప్పారు. నేను పుట్టింది 1976లో. అప్పటికి ఆ వైరస్‌కు టీకాయే లేదు. శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు హైదరాబాద్‌లోనే తయారుచేసి 1997లో చవకగా ఇచ్చేదాకా మాలాంటి ఇళ్లకు అది అందేది కాదు. చుక్క మందు ముట్టని మా అమ్మ కడుపులో నీరు చేరి చనిపోతే, ఇదేం రోగమని వాడకట్టంతా అనుకున్నారు. ఇన్నేళ్లకు నా రిపోర్టులో దాని పేరు దొరికింది. ఆ రోజు నా రోగం గురించి కాదు, అమ్మ గురించే ఏడ్చాను.

మూడు దశల్లో తీసే సీటీ స్కాన్‌లో అది కేన్సరేనని తేలింది. ఏఎఫ్‌పీ మళ్లీ 5 వచ్చింది. పివ్కా-2 అని ఇంకో ప్రోటీన్ చూశారు. 40 లోపు ఉండాల్సింది 870 ఉంది. లివర్ కేన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి ఏఎఫ్‌పీ పెరగనే పెరగదట.

ఆ పివ్కా అంటే ఏమిటని అడిగితే డాక్టరు ఓపిగ్గా చెప్పారు. రక్తం గడ్డకట్టడానికి కాలేయం ప్రోత్రాంబిన్ అనే ప్రోటీన్ చేస్తుంది. విటమిన్ కె సాయంతో దానికి చివరి పని జరగాలి. కేన్సర్ కణాలు ఆ పని కాకుండానే సగంలో వదిలేస్తాయి. మాది కొత్తవాడ, దర్రీలు నేసే ఇల్లు. దర్రీని మగ్గం మీంచి కోసి దించాక రెండు అంచుల్లో పోగులకు ముడులు వేయాలి. లేకపోతే నాలుగు దులుపులకే నేత జారిపోతుంది. "అంటే ముడులు వేయని దర్రీలు బయటికొస్తున్నాయన్నమాట" అన్నాను. "అదేనమ్మా. అవి ఎక్కువైతే ఏ మగ్గం చెడిందో వెతకాలి" అన్నారు.

నవంబరులో ఆపరేషన్ చేసి కాలేయం కుడివైపు కొంత భాగం తీసేశారు. దగ్గు వస్తే దిండు పొట్టకు అదిమి పట్టుకుని దగ్గేదాన్ని. మూడు నెలలు మగ్గం ఎక్కలేదు. తీసిన ముక్కను పరీక్షిస్తే సన్నటి రక్తనాళాల్లో కూడా కేన్సర్ కణాలున్నాయి. ఆపరేషన్ బాగా జరిగినా, ఐదేళ్లలో పదిమందిలో ఏడుగురి దాకా మళ్లీ రావొచ్చని, నాలాంటి రిపోర్టు ఉన్నవాళ్లకు మొదటి రెండేళ్లు మరీ జాగ్రత్త అవసరమని చెప్పారు. మూడు నెలలకోసారి స్కానింగ్, దాంతోపాటు రెండు ప్రోటీన్లూ. వైరస్ అణిగి ఉండటానికి రోజూ రాత్రి టెనోఫోవిర్ గోలీ. ఒక్క రోజు కూడా మానలేదు.

నూలు లెక్కలు రాసే పద్దు పుస్తకం చివరి పేజీలో బిడ్డ రెండు వరసలు గీసింది. ఏఎఫ్‌పీ వరసలో ఎప్పుడూ 4, 5, 4, 5. పివ్కా వరసలో 18, 21, 17, 22. పివ్కా శాంపిల్ హైదరాబాద్ పోయి రిపోర్టు రావడానికి రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజులూ నాకు నిద్ర ఉండేది కాదు.

2024 సంక్రాంతి ముందు రోజు వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఫోన్ మోగింది. బిడ్డ ముగ్గుపిండి చేతులతోనే రిపోర్టు తెరిచి చూసింది. ఎప్పుడూ గట్టిగా చదివే పిల్ల చదవలేదు. ఫోన్ అద్దం మీద తెల్లగా వేలి ముద్రలు, వాటి కింద 64.

డాక్టరు వెంటనే కేన్సర్ అనలేదు. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఈ మధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వేసుకున్నారా అని అడిగారు. విటమిన్ కె తగ్గినా పివ్కా పెరుగుతుందట. అవేవీ లేవు. రెండు వారాలకు మళ్లీ చూస్తే 118. ఏఎఫ్‌పీ అప్పుడూ 4. ఎంఆర్ఐలో ఎడమవైపు 1.4 సెంటీమీటర్ల చిన్న మచ్చ కనిపించింది. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి కడుపు కోసే పని లేకుండా సూది పంపి వేడితో కాల్చేశారు. రెండో రోజు ఇంటికొచ్చాను. నెల తర్వాత పివ్కా 19.

పివ్కాయే అందరికీ సరిపోతుందని నేననను. కొందరికి ఏఎఫ్‌పీయే ముందుగా చెబుతుంది, కొందరికి రెండూ చెప్పవు, అందుకే స్కానింగ్ మానకూడదు. కానీ ఆపరేషన్‌కు ముందు మీకు ఏది పెరిగిందో అడిగి రాసుకోండి. తర్వాత దాన్ని అసలు వదలకండి. ఒక్క నార్మల్ అంకె చూసి గుడికి పోయిన దాన్ని కాబట్టి చెబుతున్నాను.

మా బిడ్డకు నెగెటివ్ వచ్చింది, మూడు టీకాలూ వేయించాం. పరకాలలో ఉండే తమ్ముడు మాత్రం ఏడాదిన్నర తప్పించుకు తిరిగాడు. "నాకేమైందక్కా, దిట్టంగున్న" అనేవాడు. పోయిన నెల రాఖీ కట్టి, హన్మకొండ ల్యాబుకు నేనే వెంటబెట్టుకుని పోయాను. పాజిటివ్. ఇప్పుడు మందు మొదలైంది. పద్దు పుస్తకంలో నా పేజీ పక్కన వాడి పేరుతో ఇంకో రెండు వరసలు గీశాం. మొదటి అంకెలు ఎల్లుండి వస్తాయి.